వాయిస్తున్నాడా, వాయిస్తోందా?

పోయిన ఏడాది ఒక కాలేజీ లైబ్రరీవాళ్ళు మెట్ల పక్క గోడకి 12 పేరున్న యూరప్ చిత్రాల ప్రింట్లు పెట్టుకుంటూ, ఒక్కోదానికి 60 మాటలు మించకుండా తెలుగులో లేబుల్ రాసిమ్మన్నారు. బొమ్మలు చూడడం నేర్పడమే నా పని కాబట్టి సరేనన్నాను. 11 లేబుళ్ళు వారంలో అయిపోయాయి. పన్నెండోది మూడు శనివారాలు మింగేసింది. ఇది ఆ ఒక్కదాని కథ.

బొమ్మ ఇటలీ చిత్రకారుడు కరవాజ్జోది. 1595-96 ప్రాంతంలో, అతనికి పాతికేళ్ళు కూడా సరిగా నిండని రోజుల్లో, రోమ్‌లో వేసింది. ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. ఇంగ్లీషులో 'ద ల్యూట్ ప్లేయర్' అంటారు. ల్యూట్ అంటే మన వీణలా మీటి వాయించే తంతివాద్యం. తెల్లటి వదులు చొక్కా, ఒత్తుగా ఉంగరాలు తిరిగిన నల్లటి జుట్టు, జుట్టుకి కట్టిన తెల్లటి పట్టీ, కొంచెం తెరిచిన నోరు. చేతిలో ల్యూట్. ముందు రాతి పలక బల్ల, దాని మీద పూలు, పళ్ళు, పాటల పుస్తకం, వయొలిన్, కమాను.

లేబుల్ మొదటి వాక్యం ఇలా మొదలుపెట్టాను: "ఒక యువ సంగీతకళాకృతి..." కొట్టేశాను. "ల్యూట్ వాయిస్తూ పాడుతున్న..." ఆగిపోయాను. పాడుతున్నాడా? పాడుతోందా? ఇంగ్లీషు లేబుల్‌లో 'ప్లేయర్' అనేస్తే ఆ గొడవే రాదు. తెలుగులో వాక్యం చివరికొచ్చేసరికి క్రియ నిలదీస్తుంది. 'పాడుతున్నారు' అని మర్యాదగా తప్పించుకోవచ్చు గానీ, పదహారేళ్ళు కూడా ఉన్నట్టు లేని పిల్లాడికి ఆ 'రు' పెడితే సన్మానసభలో శాలువా కప్పినట్టుంటుంది.

సరే, దీన్ని నా శనివారం బ్యాచ్‌కే పెడదామనుకున్నాను.

ఆ బ్యాచ్‌లో 11 మంది. ఇద్దరు ఫ్యాషన్ డిజైన్ చదివే అమ్మాయిలు, రిటైరైన బ్యాంక్ ఆఫీసరు గారొకరు, ఇంట్లో పిల్లలకు వీణ చెప్పే టీచర్ గారొకరు, బాటసింగారం పళ్ళ మార్కెట్లో వాళ్ళ నాన్న కమిషన్ వ్యాపారం చేసే కుర్రాడొకడు, ఇంకా కొందరు. బొమ్మ అసలు సైజులో ఉండాలని నా పట్టుదల. హెర్మిటేజ్‌లో ఉన్నది 94 సెంటీమీటర్ల ఎత్తు, 119 సెంటీమీటర్ల వెడల్పు. ఫోన్లో చూస్తే మొహం ఒక్కటే కనపడుతుంది, బల్ల కనపడదు. పెద్దది చేస్తే బల్ల కనపడుతుంది, మొహం పోతుంది. అసలు సైజులో రెండూ ఒకేసారి మీద పడతాయి.

ప్రింటు దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. ఇంటికి తెచ్చి విప్పితే, చీకటిగా ఉండాల్సిన వెనక గోడ బూడిద రంగులో తేలిపోయి ఉంది. షాపు అబ్బాయికి ఫోన్ చేశాను. "ఫైల్ చాలా డార్కుగా ఉంది మేడం, ఏం కనిపించట్లేదని నేనే బ్రైట్‌నెస్ పెంచాను" అన్నాడు, మెచ్చుకుంటానని ఎదురుచూస్తున్న గొంతుతో. కోప్పడలేకపోయాను. ఆ ప్రింటు పారేయనూ లేదు. సరైనది మళ్ళీ తీయించి రెండూ పక్కపక్కన పెట్టాను. వెనక చీకటి తగ్గేసరికి ముందున్న చొక్కా తెలుపు కూడా చచ్చిపోయింది. పిల్లాడి భుజం గోడకి అతుక్కుపోయింది. వెలుగు ఎడమవైపు పైనుంచి వస్తోందన్న సంగతే తెలియడం లేదు. కరవాజ్జో వెలుగునీడల గురించి నేను గంటసేపు చెప్పాల్సింది ఆ అబ్బాయి ఒక్క మౌస్ క్లిక్కుతో చెప్పేశాడు.

మొదటి శనివారం

నా క్లాసులో ఒక నియమం ఉంది. మొదటి 20 నిమిషాలు ఎవరూ విశేషణం రాయకూడదు. వస్తువుల పేర్లే రాయాలి. 'అందమైన', 'విషాదమైన', 'అమాయకమైన' అని రాస్తే మాటకి ఐదు రూపాయలు డబ్బాలో వెయ్యాలి, ఆ డబ్బులతో చివర్లో టీ. ఇది పిల్లచేష్టలా ఉంటుంది గానీ, జనం బొమ్మ ముందుకు రాగానే మొహం చూసి ఒక భావం తీర్మానించేసుకుని, మిగతా బొమ్మనంతా ఆ భావానికి సాక్ష్యంగా పిలుస్తారు. ఆ అలవాటుకి విరుగుడు ఇంతకంటే నాకు తెలియదు.

ఆ రోజు డబ్బాలో 85 రూపాయలు పడ్డాయి. అందులో సగం 'ఆడపిల్లలాంటి' అన్న ఒక్క మాటవే.

ఇక దాచి లాభం లేదని ముగ్గురి సాక్ష్యాలు బోర్డు మీద రాశాను. ఈ బొమ్మను సొంతం చేసుకున్నది విన్‌చెంజో జుస్తినియాని. కియోస్ దీవిలో పుట్టిన జెనోవా బ్యాంకర్ల కుటుంబం వాడు, రోమ్‌లో స్థిరపడ్డాడు, తర్వాత సంగీతం మీద ఒక వ్యాసం కూడా రాసినవాడు. ఆయన పోయాక 1638లో ఇంట్లో సామాను జాబితా తీశారు. అందులో దీన్ని ల్యూట్ వాయించే 'జోవనె' అని, అంటే యువకుడని రాశారు. చిత్రకారుడు బాలియోనె 1642లో అచ్చువేసిన జీవితచరిత్రల పుస్తకంలో కూడా యువకుడే. ఆయన కరవాజ్జోని ఎరిగినవాడు, పైగా శత్రువు. 1672కి వచ్చేసరికి బెల్లోరి అనే పండితుడు అదే అంశాన్ని చెబుతూ "చొక్కాలో ఉన్న ఒక స్త్రీ ల్యూట్ వాయిస్తోంది, ముందు స్వరాలు" అని రాశాడు. అప్పటికి కరవాజ్జో పోయి 62 ఏళ్ళు.

బ్యాంక్ ఆఫీసరు గారు వెంటనే తేల్చేశారు. "స్టాక్ రిజిస్టర్ ఏమంటే అదే. పండితుడు ఏమన్నా అనుకోనీండి." ఆయన జీవితమంతా తనఖా వస్తువుల జాబితాలు చూసినవారు. నిజానికి ఆయన చెప్పింది కళాచరిత్రలో కూడా మంచి సూత్రమే. ఇంట్లో ఉన్న వస్తువును ఇంటివాళ్ళే ఏమని పిలుచుకున్నారో దానికి విలువ ఎక్కువ.

అంటే క్రియ తేలిపోయింది: పాడుతున్నాడు. కానీ ఒక పండితుడంతటివాడు ఎందుకు పొరబడ్డాడన్నది మిగిలింది. అది ఒట్టి పొరపాటైతే మన బ్యాచ్‌లో సగం మంది అదే పొరపాటు ఎందుకు చేశారు? ఆ సందిగ్ధం చిత్రకారుడు కావాలని పెట్టిందేమో అన్న అనుమానం నాకు అక్కడే మొదలైంది. అలాంటప్పుడు 'యువకుడు' అని రాసేసి చేతులు దులుపుకుంటే లేబుల్ అబద్ధం కాదు గానీ, చదివినవాళ్ళకి బొమ్మ వైపు చూడాల్సిన అవసరం తీరిపోతుంది.

బల్ల మీద ఏముంది

రెండో శనివారం మొహానికి తెల్లకాగితం అతికించాను. బల్ల ఒక్కటే చూడండి అన్నాను.

ఇక్కడ నా సొంత తప్పు చెప్పుకోవాలి. ఈ బొమ్మను నేను కనీసం పదేళ్ళుగా ఒకే తీరుగా చెబుతూ వచ్చాను. పళ్ళు కుళ్ళిపోతాయి, పూలు వాడిపోతాయి, పాట గాలిలో కలిసిపోతుంది, యవ్వనం కూడా అంతే. యూరప్ నిశ్చలచిత్రాల్లో ఈ అర్థం మామూలే, పుస్తకాల్లోనూ ఈ బొమ్మకి ఆ అర్థం చెప్పినవాళ్ళున్నారు. వినడానికి బాగుంటుంది, చెప్పడానికి ఇంకా బాగుంటుంది. గొంతు కొంచెం తగ్గించి చెబితే క్లాసు నిశ్శబ్దమైపోతుంది.

మార్కెట్ కుర్రాడు ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టాడు. పళ్ళకి ముక్కు ఆనించేంత దగ్గరగా వెళ్ళి చూసి, "మేడం, ఇవి కుళ్ళినవి కావు. పియర్స్ మీద మచ్చ ఉంటే లోపల బాగోలేదని కాదు, రుద్దుకున్నా వస్తుంది. పొద్దున లోడు దిగితే సాయంత్రానికి ఇలాగే ఉంటాయి. ఇది తినే సరుకే" అన్నాడు. పూలు చూపించి, "ఇవైతే ఇవాళ కోసినవి" అన్నాడు.

బాలియోనె రాసింది కూడా నాకు వ్యతిరేకంగానే ఉంది. నీళ్ళు నిండిన గాజు కూజాలో కిటికీ ప్రతిబింబం ఎంత బాగా కనిపిస్తోందో, పూల మీద మంచు ఎంత సజీవంగా ఉందో ఆయన వర్ణించాడు. మంచు బిందువులున్న పూలు వాడిపోవడానికి గుర్తెలా అవుతాయి? భూతద్దం పట్టుకుని ఆ మంచు కోసం మా ప్రింటంతా వెతికాం. గాజు మీద వెలుగు ఉంది, కానీ ఆయన చెప్పినంత మంచు మాకు చిక్కలేదు.

ఇక్కడ ఒక చిక్కుముడి. ఈ బొమ్మకి దగ్గర దగ్గరగా ఉన్న ప్రతులు మూడున్నాయి. హెర్మిటేజ్‌ది ఒకటి. రోమ్‌లో కరవాజ్జోని పోషించిన మతాధికారి కార్డినల్ డెల్ మోంటే ఇంట్లో ఉండేదని చెప్పే రెండోదాంట్లో పూలూ లేవు, పళ్ళూ లేవు, వాటి చోట ఇంకొన్ని వాయిద్యాలు, బల్ల మీద తివాచీ ఉన్నాయి. అది న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో చాలాకాలం అప్పుమీద ప్రదర్శనలో ఉండేది. మూడోది ఇంగ్లండ్‌లో బాడ్మింటన్ హౌస్ అనే పెద్ద భవంతి నుంచి వచ్చి, 2001లో కాపీ కిందే వేలంలో అమ్ముడుపోయింది. ఆ తర్వాత అదే కరవాజ్జో సొంత చేతిపని అని, బాలియోనె చూసిన మంచు అందులోనే ఉందని వాదించినవాళ్ళు బయల్దేరారు. బాలియోనె తను వర్ణించిన బొమ్మ డెల్ మోంటే కోసం వేసిందన్నాడు. డెల్ మోంటేదని చెప్పే ప్రతిలో పూలకూజానే లేదు. ఈ ముడి విప్పడం నా వల్ల అయ్యే పని కాదు, 60 మాటల లేబుల్‌కి అక్కర్లేదు కూడా. నాకు కావలసిందల్లా ఒక్కటే: కళ్ళతో చూసిన ఆనాటి మనిషికి ఆ పూలు చావును కాదు, తాజాదనాన్ని గుర్తు చేశాయి.

దానికి తోడు జుస్తినియాని ఒక ఉత్తరంలో కరవాజ్జో మాటగా రాసిన సంగతి ఉంది. మనుషుల బొమ్మ బాగా వేయడానికి ఎంత శ్రమో, పూల బొమ్మ బాగా వేయడానికీ అంతే శ్రమ అన్నాడట. ఆ రోజుల్లో పూలూ పళ్ళూ వేసేవాళ్ళని తక్కువగా చూసేవారు. ఆ మాట అన్నవాడు కూజాని మూలన ఒక గుర్తులా పెట్టి వదిలేస్తాడా? పిల్లాడి మొహంతో పోటీకి పెట్టాడు. నా పదేళ్ళ పాఠం ఆ రోజుతో మూలన పడింది. ఒక రకంగా సిగ్గేసింది, ఒక రకంగా తేలికైంది.

తర్వాత పుస్తకం. నా లెక్కలో ఈ బొమ్మకి తాళంచెవి అదే.

కరవాజ్జో స్వరాలని ఉత్తుత్తి గీతలుగా వేయలేదు. రోమ్‌లోని డోరియా పాంఫిలి గ్యాలరీలో అతని ఇంకో చిత్రం ఉంది. ఈజిప్టుకి పారిపోతూ దారిలో ఆగిన పవిత్ర కుటుంబం, అంటే మేరీ, జోసెఫ్, బాల యేసు, అది. అక్కడ దేవదూత వయొలిన్ వాయిస్తుంటే ముసలి జోసెఫ్ పట్టుకున్న కాగితం మీద స్వరాలు చదివి, అది బౌల్డెవైన్ అనే స్వరకర్త కీర్తన అని పోల్చారు. మన బొమ్మలో పుస్తకం కూడా అంతే. ఫ్రాంకా ట్రింకియేరి కామిజ్ లాంటి పరిశోధకులు ఇలా స్వరాలని చదివి, ఆ కాగితాల్లోంచి ఆ ఇళ్ళలో జరిగిన సంగీతాన్ని బయటికి తీశారు. ఇక్కడున్నవి జాక్ ఆర్కాడెల్ట్ స్వరపరిచిన నాలుగు మాడ్రిగల్ పాటలు. మాడ్రిగల్ అంటే నలుగురైదుగురు వేర్వేరు స్వరాల్లో కలిసి పాడే ప్రేమపాట అనుకోండి. ఆర్కాడెల్ట్ మొదటి పాటల పుస్తకానికి మనకి దొరికిన తొలి ముద్రణ 1539 నాటిది, వెనిస్‌లో అచ్చయింది. వందేళ్ళు దాటినా మళ్ళీ మళ్ళీ అచ్చవుతూనే ఉండేది.

లెక్క వేయండి. బొమ్మ వేసేనాటికి ఆ పాటలకి యాభై ఏళ్ళు పైబడ్డాయి. మనకి ఘంటసాల పాటలెంతో వాళ్ళకి అవంత. ఆ కుర్రాడు తన తరం పాట పాడడం లేదు, తాతల కాలం నాటి పాట పాడుతున్నాడు. బొమ్మ కొనుక్కున్న ఆసామి రుచి అది. ఇంట్లో పెద్దాయన అడిగితే పిల్లాడు పాత పాట అందుకున్నట్టు. ఇది అర్థమయ్యాక బ్యాంక్ ఆఫీసరు గారికి ఆ పిల్లాడి మీద ఎక్కడలేని అభిమానం వచ్చేసింది.

అప్పటిదాకా మాట్లాడకుండా కూచున్న వీణ టీచర్ గారు అడిగారు. "నలుగురు కలిసి పాడే పాటైతే నలుగురి స్వరాలూ ఆ ఒక్క పుస్తకంలోనే ఉంటాయా అండీ?"

ఉండవు. అప్పట్లో ఒక్కో గొంతుకి ఒక్కో పుస్తకం విడిగా అచ్చువేసేవారు. పైగొంతు వాడి పుస్తకంలో వాడిదే, కిందిగొంతు వాడి దాంట్లో వాడిదే. బల్ల మీద తెరిచి ఉన్నది 'బాసుస్', అంటే అన్నిటికన్నా కింది స్థాయి గొంతుది.

"మరి ఈ పిల్లాడి గొంతు మంద్రమా? ఆ మెడ, ఆ నోరు చూస్తే నాకలా అనిపించడం లేదు."

క్లాసులో నేను ఇంతవరకు విన్న అత్యుత్తమమైన ప్రశ్నల్లో అదొకటి. దానికి రెండు జవాబులున్నాయి, రెండూ బోర్డు మీద పెట్టాను. ఒకటి, ఆ కాలంలో ఇలాంటి పాటల్ని ఒక్కరే పాడుకునే పద్ధతి ఉండేది. పై స్వరం గొంతుతో పాడి, మిగతావి ల్యూట్ మీద మీటుకునేవారు. పై స్వరం పిల్లాడికి నోటికి వచ్చు, వేళ్ళకి కావాల్సిన కింది స్వరం కోసం ఆ పుస్తకం. రెండోది, ఆ పుస్తకం అతనికి కాదు. దాన్ని పాడాల్సినవాళ్ళో వాయించాల్సినవాళ్ళో బొమ్మలో లేరు.

టీచర్ గారు మొదటిది కొంచెం ఒప్పుకున్నారు గానీ, రెండోదాని దగ్గర కళ్ళు మెరిశాయి. "అందుకే వయొలిన్ ఊరికే పడి ఉంది. పక్కవాద్యం స్థలం ఖాళీ!" అన్నారు.

నిజమే. కమానుతో సహా వయొలిన్ సిద్ధంగా ఉంది, వాయించే మనిషి లేడు. బల్లకి అవతల పాడేవాడు, ఇవతల మనం. ఆ వయొలిన్ అందుకోవడానికి మిగిలింది బొమ్మ ముందు నిలబడ్డ మనిషే. జుస్తినియాని ఇంట్లో అయితే జుస్తినియానీ, ఆయన స్నేహితులూ. అది చూసేవాళ్ళని పిలుస్తున్న వాయిద్యమని పండితులు కూడా అన్నారు. కాకపోతే దాన్ని 'పక్కవాద్యం' అని ఒక్క మాటలో చెప్పగలిగే సౌకర్యం మనకుంది. ఆ మాట లేబుల్‌లోకి వెళ్ళాల్సిందేనని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను.

ఇంకో చిన్న సంగతి కూడా ఆవిడే పట్టారు. ల్యూట్‌కి మన వీణలాగా మైనంలో దిగేసిన మెట్లుండవు. మెడ చుట్టూ పేగుతంతిని బిగించి కడతారు, కావాలంటే జరపొచ్చు. "అంటే ప్రతిసారీ శ్రుతితో పాటు మెట్లు కూడా సరిచూసుకోవాలా! దీనికంటే నా వీణే నయం" అని నవ్వారు. వాయిద్యాలు కరవాజ్జోకి పరాయివి కావు. 1605లో అద్దె బాకీ పడితే ఇంటావిడ అతని సామాను జాబితా రాయించింది. అందులో ఒక గిటారు, ఒక వయొలిన్ ఉన్నాయి.

'వోస్త్రా'

పుస్తకంలో ఉన్న నాలుగు పాటల్లో ఒకటి "నేను నిన్ను ప్రేమిస్తున్నానని, కాదు, ఆరాధిస్తున్నానని నీకు తెలుసు" అంటూ మొదలవుతుంది. ఇంకొకటి 'వోస్త్రా ఫూయి'. అంటే "నీదాన్నిగా ఉన్నాను". ఈ 'నీదాన్ని' దగ్గర ఆగాలి. ఇటాలియన్‌లో మగవాడు అనుకుంటే 'వోస్త్రో' అనాలి. 'వోస్త్రా' స్త్రీలింగం. పాటలో మాట్లాడుతున్నది ఆడగొంతు.

అంటే మన చిక్కు మనకే తిరిగొచ్చింది. తెలుగు క్రియ నన్నెక్కడ నిలదీసిందో, ఇటాలియన్ విశేషణం ఆ పిల్లాణ్ణీ అక్కడే పట్టుకుంది. మొహం ఆడా మగా అని తేలనివ్వని కుర్రాడి ముందు, ఆడమనిషి మాటలున్న పాట తెరిచిపెట్టాడు కరవాజ్జో.

ఫ్యాషన్ చదివే అమ్మాయిలిద్దరూ దీన్ని పెద్ద రహస్యం బయటపడ్డట్టు తీసుకున్నారు. ఇది ప్రచ్ఛన్నమైన కోరిక గురించిన బొమ్మ అన్నారు. వాళ్ళన్నది కొత్త మాటేం కాదు. 1971లోనే డోనల్డ్ పోస్నర్ కరవాజ్జో తొలి చిత్రాల్లోని కుర్రాళ్ళని మగవాళ్ళ మధ్య ఆకర్షణ కోణంలో చదివి వ్యాసం రాశాడు. అప్పట్నుంచీ ఆ చర్చ ఆగలేదు. ఆ కోణాన్ని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. భుజం జారిన చొక్కా, చూసేవాళ్ళ వైపే తిరిగిన కళ్ళు, ప్రేమపాట, ఇవన్నీ ఊరికే వచ్చిపడలేదు.

కానీ టీచర్ గారు నెమ్మదిగా ఒక మాటన్నారు. "క్షేత్రయ్య పదాలు చాలావరకు నాయిక మాటలేగా. మగవాళ్ళు పాడితే మనమెప్పుడైనా ఇంతగా ఉలిక్కిపడ్డామా?"

గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. మువ్వగోపాలుణ్ణి తలుచుకునే నాయిక మాటల్ని మగ పదకర్త రాశాడు, మగవాళ్ళు పాడారు, ఆడవాళ్ళు ఆడారు. వినేవాళ్ళకి పాటలో గొంతు వేరు, పాడే మనిషి వేరు. ఆ వేరు తెలిసిన చెవికి ఈ బొమ్మలో వింత సగం తగ్గుతుంది. సగమే. మిగతా సగం మొహంలో ఉంది, అది మన పదాలతో తీరేది కాదు. రోమ్ సంగతి రోమ్‌దే.

మరి అతనెవరు

మూడో శనివారానికి మొహం మీది కాగితం తీసేశాం. ఇక అందరూ ఎదురుచూస్తున్న ప్రశ్న. ఇది ఫలానావాడి పోర్ట్రెయిటా?

పేర్లు రెండు వినిపిస్తాయి. ఒకటి మారియో మిన్నీతి, సిసిలీ నుంచి వచ్చిన చిత్రకారుడు, కరవాజ్జో స్నేహితుడు. రెండోది పేద్రో మోంతోయా. ఇతను స్పెయిన్ గాయకుడు, పోప్ గారి సిస్టీన్ గాయకబృందంలో ఉండేవాడు, డెల్ మోంటే ఇంట్లో బస. మోంతోయా 'కాస్ట్రాటో'. గొంతు మారకముందే శస్త్రచికిత్స చేసి, పిల్లవాడి పైగొంతుని పెద్దయ్యాక కూడా అలాగే నిలిపేవారు, అలాంటి గాయకుడన్నమాట. చర్చిలో ఆడవాళ్ళు పాడకూడదన్న కట్టుబాటు వల్ల వచ్చిన క్రూరమైన పద్ధతి. ఈ రెండో పేరును ముందుకు తెచ్చింది కామిజే. నున్నటి బుగ్గలు, మృదువైన గడ్డం, పైగొంతు, అన్నిటికీ ఒకే దెబ్బతో జవాబు దొరుకుతుంది.

ఆ సొగసే నన్ను అనుమానంలో పడేసింది. ఒక పేరు దొరగ్గానే క్లాసంతా వెనక్కి వాలి కుర్చీల్లో రిలాక్సయిపోయింది. ఇక బొమ్మ చూడడం మానేశారు. పైగా ఆ తీరు మొహాలు కరవాజ్జో ఆనాటి చిత్రాల్లో ఇంకా కనిపిస్తాయి. ఉదాహరణకి మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్న కుర్ర సంగీతకారుల గుంపు చిత్రం. అందులో మధ్యలో ల్యూట్ పట్టుకున్నవాడున్నాడు, వెనక రెక్కల మన్మథుడున్నాడు. మన్మథుణ్ణి పక్కన కూచోబెట్టుకుని ఎవరూ ఫొటో దిగరు. అంటే అక్కడ మోడల్ ఒక మనిషే అయినా, బొమ్మ ఆ మనిషి గురించి కాదు. మన బొమ్మ కూడా ఆ దారిదే అని నాకనిపిస్తుంది. 1638 జాబితా కూడా పేరు చెప్పలేదు. తెలిసిన గాయకుడైతే జుస్తినియాని ఇంటివాళ్ళు ఒట్టి 'యువకుడు' అని రాసి ఊరుకుంటారా?

దీనికి ఎదురు ఉదాహరణగా మిలాన్‌లోని అంబ్రోజియానాలో ఉన్న లియొనార్డో చిత్రం చూపించాను, ఎర్రటోపీ పెట్టుకున్న యువకుడిది. చాలాకాలం దాన్ని మిలాన్ డ్యూక్ బొమ్మ అనుకున్నారు. 1904-05లో శుభ్రం చేస్తుంటే పైపూత కింద నుంచి ఒక చెయ్యి, చేతిలో స్వరాలు రాసిన కాగితం బయటపడ్డాయి. డ్యూక్ పోయి సంగీతకారుడు మిగిలాడు. ఒక్క మనిషి ఒక్క కాగితం పట్టుకున్నాడు, ఇంకేమీ లేదు. అది పోర్ట్రెయిట్, పేరు ఇప్పటికీ తేలకపోయినా సరే. కరవాజ్జో దగ్గర కాగితంతో పాటు పూలు, పళ్ళు, వయొలిన్, ప్రేమపాట అన్నీ కలిసి అడుగుతున్నాయి, ఈ మనిషెవరని కాదు, ఇక్కడేం జరుగుతోందని.

లేబుల్ రాయడానికి చివరికి పట్టింది 40 నిమిషాలు. ఎక్కువ గొడవ జరిగింది 'గాయకుడు' దగ్గర. ల్యూట్ వాయిస్తున్నాడు కాబట్టి 'వాద్యకారుడు' అనాలని కొందరు. నోరు తెరిచి ఉంది, పుస్తకం పాటలది, గాయకుడే అని టీచర్ గారు. ఆవిడే గెలిచారు. 'స్త్రీ అని పొరబడ్డ పండితుడూ ఉన్నాడు' అన్న ముక్క ఉంచాలా తీసేయాలా అన్నదాని మీద ఓటింగు పెట్టాం. 7-4 తేడాతో ఉంచాం. మోంతోయా పేరు వద్దనుకున్నాం. 'క్షణభంగురం' అన్న నా పాత మాటని నేనే కొట్టేశాను. లైబ్రరీకి ఇచ్చింది ఇది:

"యువ గాయకుడు. కరవాజ్జో, 1595-96 ప్రాంతం. అసలు చిత్రం హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. పుస్తకంలోని స్వరాలు నిజమైనవి, అప్పటికే యాభై ఏళ్ళ నాటి ప్రేమపాటలు. ఒక పాటలో మాటలు ఆడమనిషివి. పాడుతున్నది అబ్బాయి. స్త్రీ అని పొరబడ్డ పండితుడూ ఉన్నాడు. తెరిచి ఉన్నది మంద్రస్థాయి పుస్తకం, అతని గొంతు అది కాదేమో. పక్కవాద్యం స్థలం ఖాళీగా ఉంది. వయొలిన్ మీ ముందే ఉంది."

లైబ్రరియన్ గారు చదివి, "చివరి వాక్యం అడ్వర్టైజ్‌మెంట్‌లా లేదూ?" అన్నారు. ఉంది. అయినా మార్చలేదు.

రెండు నెలల తర్వాత అటు వెళ్ళినప్పుడు చూశాను. లేబుల్‌ని ప్రింటుకి ఎడమవైపు, సరిగ్గా పళ్ళ కింద పెట్టారు. నేను కుడివైపు పెట్టమన్నాను, కానీ అక్కడ స్విచ్ బోర్డు ఉందట. కింద మార్జిన్‌లో ఎవరో పెన్సిల్‌తో 'అమ్మాయే' అని రాశారు. దాని పక్కనే ఇంకెవరో 'మళ్ళీ చదువు' అని రాశారు.